నెట్ తెలుగు: కథానిక పోర్షన్ నేను ఎలా చదివానంటే

నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం రాసే యూజీసీ పరీక్ష) తెలుగు రాస్తున్న ఫ్రెండ్స్ అందరికీ నమస్తే. రిజల్ట్ వచ్చిన దగ్గర్నించి చాలామంది కథానిక (చిన్న కథ) పోర్షన్ ఎలా చదివావు, ఏ మెటీరియల్ చదివావు అని అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే అయిపోతుంది కదా అని రాస్తున్నా. నాకు జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదండి, అసిస్టెంట్ ప్రొఫెసర్ కి క్వాలిఫై అయ్యానంతే, కాబట్టి దీన్ని టాపర్ స్ట్రాటజీ అనుకోకండి.

పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసిందే. పేపర్ 1 లో 50 ప్రశ్నలు, పేపర్ 2 లో 100, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. పేపర్ 1 గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, పాత పేపర్లు చేసుకుంటూ పోండి.

ఇక కథానిక. గైడ్స్ లో ఏముంటుందంటే వస్తువు, ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంఘర్షణ, దృక్కోణం (కథ ఎవరి వైపు నుంచి చెబుతున్నారన్నది), నేపథ్యం, సంభాషణ, ఎత్తుగడ, ముగింపు అని వరసగా హెడ్డింగులు, ఒక్కోదానికి రెండు లైన్ల నిర్వచనం. అవి బట్టీ కొట్టేస్తే డైరెక్ట్ ప్రశ్నలకి సరిపోతుంది, కాదనను. కానీ ప్రతిపాదన-హేతువు టైపు ప్రశ్న, అంటే ఒక వాక్యం, దానికి కారణమంటూ ఇంకో వాక్యం ఇచ్చేది వచ్చిందనుకోండి, రెండు వాక్యాలూ కరెక్టే అనిపిస్తాయి, రెండోది మొదటిదానికి కారణమా కాదా అన్న దగ్గర బట్టీ పట్టింది పనికిరాదు. ఎందుకంటే ఈ అంశాలు విడివిడి పెట్టెలు కావు, ఒకటి కదిపితే పక్కది కదులుతుంది.

ఉదాహరణకి గురజాడ దిద్దుబాటు తీసుకోండి, 1910 లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది, చిన్న కథ, పది నిమిషాల్లో చదివేయొచ్చు. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు, భార్య కమలిని ఉండదు, ఉత్తరం దొరుకుతుంది, పనివాడు రాముడితో మాటలు, చివర్లో మంచం కింద నుంచి కమలిని నవ్వు. ఒకే రాత్రి, ఒకే ఇల్లు, ముగ్గురే మనుషులు. స్థలం కాలం ఐక్యత గురించి గైడ్ లో ఉన్న పేరా మొత్తం ఇక్కడే కనపడిపోతుంది. ఇప్పుడు ఇదే కథని కమలిని వైపు నుంచి చెప్పామనుకోండి, ఆవిడ మంచం కింద ఉందని మనకి ముందే తెలిసిపోతుంది, ఇంకెక్కడి కొసమెరుపు? అంటే కథ గోపాలరావు వెనకాలే నడవబట్టే ఆ ముగింపు పండింది. దృక్కోణానికీ ముగింపుకీ లింకు ఏంటో నాకు అక్కడ అర్థమైంది, ఏ నిర్వచనంలోనూ దొరకలేదు.

అప్పట్నించి నేను చేసింది ఇదే. కథ చదవడం, తర్వాత అందులో ఒక సీన్ ని వేరే మనిషి వైపు నుంచి అర పేజీ రాసుకోవడం. నవ్వకండి, నేనేం రైటర్ ని కాదు, ఎవరికీ చూపించలేదు కూడా. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివానలో రైలు పెట్టె సీన్ ని ముష్టి ఆవిడ వైపు నుంచి రాసి చూడండి ఒకసారి. కథంతా మనకి అదే పెట్టెలో ఉన్న రావుగారనే పెద్దమనిషి కళ్ళతోనే కనపడుతుంది, ఆయన నియమాలు, ఆయన చిరాకు, ఆయన భయం. ఆవిడ లోపల ఏమనుకుంటుందో కథకుడు చెప్పడు, మనం ఊహించుకోవాల్సిందే. ఆవిడ మనసులోకి వెళ్ళామా, చివర్లో ఆవిడ చేతిలో రావుగారి పర్సు చూసినప్పుడు తగిలే దెబ్బ ఉండదు. ఇంకోటి, అందులో తుఫాను ఉత్త నేపథ్యం కాదు, అది తీసేస్తే రావుగారి నియమాలు చెక్కుచెదరవు, కథే జరగదు. నేపథ్యం, సంఘర్షణ వేర్వేరు హెడ్డింగుల కింద చదువుకున్నవాళ్ళకి ఇది తట్టదు. అన్నట్టు దీనికి 1952 లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది, మొదటిది అని ఆప్షన్ ఇస్తే కంగారు పడొద్దు.

ఉత్తమ పురుషలో, అంటే "నేను" అంటూ చెప్పిన కథ అంటే చెప్పేవాడే హీరో అనుకుంటారు చాలామంది. బుచ్చిబాబు నన్ను గురించి కథ వ్రాయవూ చదవండి, చెప్పేది "నేను", కథ మాత్రం కుముదానిది.

ప్రతీక గురించైతే చాసో (చాగంటి సోమయాజులు) వాయులీనం ఒక్కటి చాలు. రాజ్యం జబ్బు పడితే ఇంట్లో ఫిడేలు అమ్మేస్తారు, ఆ ఫిడేలు అంటే ఆవిడకేంటో కథలో ఎవరూ లెక్చర్ ఇవ్వరు, మనకే తెలుస్తుంది. చాసో కథలు చిన్నవి, ఒక మాట ఎక్కువుండదు, ఎగ్జామ్ ముందు టైం లేనివాళ్ళు ఆయన్నే ముందు చదవండి అంటాను. ఎంపు కూడా వదలొద్దు, ముష్టివాళ్ళ గూడెంలో పెళ్ళికొడుకుని సెలెక్ట్ చేసే కథ, కుంటివాడా గుడ్డివాడా అని, వ్యంగ్యం అంటే ఏంటో తెలుస్తుంది.

పాశ్చాత్యుల్లో ముగ్గుర్ని గట్టిగా పట్టుకోండి. మొదటిది అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1842 లో హాథార్న్ అనే రచయిత కథల మీద రాసిన సమీక్షలో, కథ ఒక్క కూర్చోడంలో చదివేసేలా ఉండాలి, అంతా ఒకే ప్రభావం వైపు నడవాలి అన్నది. రెండోది జర్మన్ రచయిత ఫ్రైటాగ్ 1863 లో చెప్పిన పిరమిడ్, అంటే ఆరంభం నుంచి పతాక (క్లైమాక్స్) దాకా ఎక్కి దిగడం, అది ఆయన చెప్పింది నాటకం గురించి, గైడ్స్ కథానికకి కూడా అలాగే అతికించేస్తాయి, నాకైతే సగం కథలకి అది సరిపోదనిపిస్తుంది, చాలా కథలు సగం కొండ ఎక్కేశాకే మొదలవుతాయి. మూడోది ఇంగ్లీషు నవలాకారుడు ఫార్స్టర్, 1927, ఆయన నవల గురించి చెప్పాడు కానీ కథకీ వాడతారు. వరసగా జరిగినవి చెబితే కథ, ఎందుకు జరిగాయో కలిపితే ఇతివృత్తం. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) యజ్ఞంలో అప్పల్రాముడి అప్పు, పంచాయతీ, చివర్లో సీతారాముడు తన బిడ్డనే నరకడం, ఇంతే చెబితే పేపర్లో క్రైమ్ వార్త. ఊరు అభివృద్ధి అవుతున్నకొద్దీ ఆ కుటుంబం ఎందుకు దిగజారిందన్న లెక్క కలిస్తేనే అది యజ్ఞం. పెద్ద కథ, రెండుసార్లు చదవాల్సొస్తుంది, నాకైతే ఆ పంచాయతీ వాదనలు పేపర్ మీద రాసుకుంటే గానీ ఎక్కలేదు. ఆయనకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది యజ్ఞంతో తొమ్మిది అనే సంపుటికి, 1995 లో, ఒక్క యజ్ఞానికి అని పెట్టొద్దు.

తెలుగులో తొలి కథ ఏదన్న గొడవ గురించి అందరూ అడుగుతున్నారు. బండారు అచ్చమాంబ ధనత్రయోదశి 1902, దిద్దుబాటు 1910. కాలక్రమంలో పెట్టమంటే అనుమానమే లేదు, అచ్చమాంబే ముందు. "తొలి ఆధునిక కథానిక" ఏది అని అడిగితే మాత్రం ఆప్షన్లు, ప్రశ్నలో మాటలు జాగ్రత్తగా చూసుకుని పెట్టండి. నా ఓటు మాత్రం అచ్చమాంబకే, ఎగ్జామ్ లో నా ఓటు ఎవరడిగారు అనుకోండి.

పుస్తకాలంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథాశిల్పం, దానికి 1999 అకాడమీ అవార్డు, అది కూడా ప్రశ్నే. పోరంకి దక్షిణామూర్తి కథానిక స్వరూప స్వభావాలు రిఫరెన్స్ కి, మొత్తం చదవక్కర్లేదు. కథలు కొనలేకపోతే శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997 లో పెట్టిన కథానిలయం ఉంది కదా, వాళ్ళ సైట్లో పాత పత్రికల్లో అచ్చయిన కథలు స్కాన్ చేసి పెట్టారు, ఫ్రీ. ఫోన్లో చదివితే కళ్ళు లాగేస్తాయి, ప్రింట్ తీసుకోండి, మార్జిన్లో రాసుకోడానికి కూడా ఉంటుంది. సెట్ (నెట్ లాంటిదే, రాష్ట్ర స్థాయి పరీక్ష) రాసేవాళ్ళకీ ఇదే పనికొస్తుంది. నవల పోర్షన్ గురించి మాత్రం నన్ను అడక్కండి, అక్కడ నాకంటే బాగా చెప్పేవాళ్ళు మీలోనే ఉన్నారు.