అమ్మకు ట్రయల్‌లో చోటు దొరికేదాకా

డాక్టరు ముందు కూర్చుంటే మా అమ్మ జబ్బును కాస్త పెంచే చెబుతుంది. తగ్గించి చెబితే పట్టించుకోరని ఆమె భయం. ఆ రోజు హైదరాబాద్‌లో డాక్టరుగారు "పగలు ఎంతసేపు పడుకుంటున్నారమ్మా?" అని అడగ్గానే "లేవలేకపోతున్నా బాబూ, మంచానికే అతుక్కుపోయా" అనేసింది. నా గుండె గుభేలుమంది.

ఆ ప్రశ్న ఎందుకో నాకు ముందురోజే తెలుసు. క్యాన్సర్ పేషెంటు ఓపికకు ఈకాగ్ అని ఒక లెక్క ఉంది. జబ్బు రాకముందులాగే అన్ని పనులూ చేసుకుంటే 0. బరువు పనులు చేయలేకపోయినా తిరుగుతూ తేలిక పనులు చేసుకుంటే 1. తన పనులు తాను చూసుకుంటూ, ఏ పనికీ వెళ్ళలేకపోయినా పగటిపూట సగానికి పైగా లేచి తిరుగుతుంటే 2. సగానికి పైగా మంచం మీదే గడిస్తే 3. మేం వెళ్ళిన ట్రయల్‌కు, అంటే కొత్త మందును పేషెంట్ల మీద పరీక్షించి చూసే పరిశోధనకు, 0 గానీ 1 గానీ ఉండాలి. అంటే అమ్మ తన నోటితోనే తలుపు వేసేసుకుంది.

"మరి ఇంటిముందు ముగ్గెవరు వేస్తున్నారు?" అన్నారాయన. "నేనే. కోడలు వేస్తే వంకర పోతుంది" అంది అమ్మ. ఆయన నవ్వి 1 వేసుకున్నారు.

అమ్మకు 61 ఏళ్ళు. చుట్టా బీడీ ఎరగదు, ఆమె ఎరిగిన పొగ కట్టెల పొయ్యి పొగే. దగ్గు తగ్గకపోతే మా ఊరి దగ్గర ఒక డాక్టరు ఎక్స్‌రేలో నీడ చూసి టీబీ అన్నారు. మూడు నెలలు ఆ మందులు మింగింది. ఆ మూడు నెలల గురించి ఇప్పుడు మాట్లాడినా లాభం లేదు. తర్వాత బయాప్సీలో ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి, ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో ఎక్సాన్ 19 డిలీషన్ అనే మార్పు ఉందని తేలింది. ఆ మార్పు ఉన్నవాళ్ళకిచ్చే ఓసిమెర్టినిబ్ మాత్ర పదిహేడు నెలలు బాగా పనిచేసింది. ఆ తర్వాత స్కాన్‌లో గడ్డ మళ్ళీ పెరిగింది. అప్పుడు వచ్చింది ట్రయల్ మాట.

ఇంట్లో చెబితే మావయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "పిడుగురాళ్ళ ఆడవాళ్ళ సంగతి మర్చిపోయావా?" అన్నాడు. మాది నరసరావుపేట దగ్గర, మర్చిపోయే సంగతి కాదది. 2011లో అక్కడి పేద ఆడవాళ్ళను డబ్బిస్తామని హైదరాబాద్ తీసుకెళ్ళి వాళ్ళ మీద మందులు పరీక్షించారని పెద్ద గొడవైంది. మావయ్య భయం ఉత్తిది కాదు. కానీ ఆ మందులు ఏ జబ్బుకో ఆ జబ్బు ఆ ఆడవాళ్ళకు లేదు, మా అమ్మకు జబ్బు ఉంది. ఆ తేడా ఆయనకు చెప్పేసరికి రెండు రోజులు పట్టింది. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో, అమ్మలాగే ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్న 350 మందితో చేసిన ట్రయల్ సంగతి కూడా చెప్పాను. 2019లో ఫలితాలు వచ్చాయి. ఓసిమెర్టినిబ్ లాంటిదే అయిన గెఫిటినిబ్ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్ళకు జబ్బు సుమారు 8 నెలలు అదుపులో ఉంటే, దానికి కీమో కలిపినవాళ్ళకు 16 నెలలు ఉంది. అందులో ఈకాగ్ 2 ఉన్నవాళ్ళను కూడా తీసుకున్నారు. ఏ ట్రయల్ గీత దానిదే అన్నమాట. ఒకచోట కుదరకపోతే అన్నిచోట్లా కుదరదని కాదు.

ఆ గీతలు ముందే చూసుకోవచ్చని నాకు ఆలస్యంగా తెలిసింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు నడిపే సీటీఆర్‌ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయల్స్ అందులో నమోదు కావడం తప్పనిసరి. ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు, ఏ ఊళ్ళో, ఇంకా చేర్చుకుంటున్నారా లేదా, అన్నీ ఉంటాయి. ఇంగ్లీషులోనే ఉంటుంది, అదొక్కటే బాధ.

అసలు తిప్పలు బ్లాక్‌తో వచ్చాయి. బయాప్సీ ముక్కను మైనంలో పోసి దాచే చిన్న దిమ్మను బ్లాక్ అంటారు. రిపోర్టు కాగితం చాలదు, ట్రయల్ ల్యాబ్ ఆ ముక్కను మళ్ళీ పరీక్షించుకోవాలట. అది మొదటి ఆసుపత్రిలో ఉంది. వెళ్తే రసీదు అడిగారు, తర్వాత పేషెంటు ఉత్తరం కావాలన్నారు, తర్వాత ఆ సెక్షన్ ఆయన సెలవన్నారు. మూడోసారికి అగ్గిపెట్టెలో సగం ఉండే వస్తువు చేతికొచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా, ఎండ తగిలితే మైనం కరుగుతుందేమోనని. తీరా ఇస్తే, ముక్క దాదాపు అయిపోయింది, చాలదన్నారు. అమ్మకు మళ్ళీ సూది బయాప్సీ. మీరైతే మొదటి రోజే అడగండి, బ్లాక్ ఎక్కడుందో, అందులో ఎంత మిగిలిందో.

కన్సెంట్ ఫారం తెలుగులోనే ఉంది, 22 పేజీలు. "యాదృచ్ఛికీకరణ" (ఎవరికి ఏ మందో లాటరీలా తేల్చడం) అన్న మాట దగ్గర టీచరునైన నేనే ఆగిపోయాను. అమ్మ సంతకం పెట్టగలదు గానీ అంత చదవలేదు. అందుకని ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలన్నారు. పక్క మంచం ఆవిడ అల్లుడు కూర్చున్నాడు. కోఆర్డినేటర్ అమ్మాయి ఒక్కో పేజీ చదివి మామూలు మాటల్లో చెప్పింది. "మధ్యలో వద్దనిపిస్తే?" అని అమ్మ అడిగింది. "ఎప్పుడైనా మానేయొచ్చు ఆంటీ, మీ మామూలు వైద్యం ఆగదు." ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అని ట్రయల్స్ మీద ప్రభుత్వం పెట్టిన 2019 నిబంధనల్లో ఉందని మావయ్య కోసం నేను అడిగి మరీ చెప్పించుకున్నా.

ఆ తర్వాత 28 రోజుల గడువు. పరీక్షలన్నీ అందులోనే పూర్తవ్వాలి. మెదడు ఎంఆర్ఐ, ఈసీజీ, హెపటైటిస్, హెచ్ఐవీ. స్కాన్‌లో కొలవడానికి కనీసం 10 మిల్లీమీటర్ల గడ్డ ఒకటి ఉండాలి. గడ్డ ఉన్నందుకు సంతోషపడిన రోజు మా జీవితంలో అదొక్కటే.

కాలేయం ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష, ఎస్‌జీపీటీ, 148 వచ్చింది. నార్మల్‌కు రెండున్నర రెట్లు దాటకూడదు. కోఆర్డినేటర్ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది. నేను నోరు మెదపలేదు. నాకు తెలుసు. నెల నుంచి అమ్మ పరగడుపున పసరు తాగుతోంది, మా పెద్దమ్మ పంపిస్తోంది. చెబితే చోటు పోతుందని నా భయం. అమ్మే బయటపెట్టింది, "పసరు మందు కాదు కదమ్మా" అంటూ. ఆ అమ్మాయి తిట్టలేదు. పసరు ఆపి రెండు వారాల తర్వాత మళ్ళీ రక్తం ఇమ్మంది. 28 రోజులు దాటిపోయాయి, సీటీ స్కాన్ మళ్ళీ తీశారు. ఈసారి ఎస్‌జీపీటీ 52.

చేర్చుకున్నారు. కొత్త మందా, మామూలు కీమోనా అన్నది డాక్టరు చేతిలో ఉండదు, కంప్యూటర్ తేలుస్తుంది. ఆ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మామూలు కీమో వైపు పడింది. ట్రయల్ లేకపోయినా ఇచ్చేవాళ్ళే, పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు. ఇంత తిరిగింది దీనికా అని నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

అమ్మ మాత్రం "డబ్బులు కట్టక్కర్లేదు కదా?" అంది. మాకైతే మందు, స్కాన్లు ట్రయల్ ఖర్చే. ఆరు వారాలకోసారి స్కాన్, వారానికోసారి కోఆర్డినేటర్ ఫోన్. మొన్నటి ఫోన్‌లో ఓపిక ఎలా ఉందని అడిగితే అమ్మ "ఏం ఓపికమ్మా..." అని మొదలుపెట్టి, నా వైపు చూసి, "ముగ్గు వేశా, గిన్నెలు మాత్రం కోడలు తోమింది" అంది. మంగళవారం కీమో మూడో సైకిల్, అంటే మూడో విడత.