నెలలు నిండని బిడ్డలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ముందు ఫంగస్ సంగతి చూడాలి

ప్లేట్‌లెట్లు తగ్గాయి అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది డెంగీ. ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్) బయట కూర్చున్న మేనమామలు, తాతయ్యలు "ఎంతున్నాయి సార్, ఎక్కించేయండి, డోనర్లు రెడీగా ఉన్నారు" అంటారు. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ ఏడో నెలలోనే పుట్టి, రెండు వారాలుగా సెలైన్లు, యాంటిబయాటిక్స్ మీద ఉన్న కిలో బరువు బిడ్డలో ఆ సంఖ్య దిగిపోతుంటే నాకు మొదట వచ్చే టెన్షన్ క్యాండిడా అనే ఫంగస్ గురించే.

ఎప్పుడు తగ్గాయన్నది చాలా ముఖ్యం. పుట్టిన 72 గంటల్లోపు తగ్గితే చాలాసార్లు తల్లి బీపీ, మాయ సరిగా పనిచేయకపోవడం కారణమవుతాయి, మెల్లగా అవే సర్దుకుంటాయి. ఆ తర్వాత పడిపోతే ఇన్ఫెక్షన్ గానీ, పేగులు దెబ్బతినడం గానీ చూడాలి. బాక్టీరియాతోనూ తగ్గుతాయి, నిజమే, అయితే ఫంగస్ వచ్చినప్పుడు బాగా కిందికి పడి చాలా రోజులు అక్కడే ఉండిపోవడం ఎక్కువగా చూస్తాం.

లోపల జరిగేది ఇదీ. క్యాండిడా కణం పైగోడలోని పదార్థాలను గుర్తించిన తెల్లరక్తకణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ని పైకి తెస్తాయి, దాంతో రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్ తయారై సన్నటి రక్తనాళాల్లో చిన్నచిన్న గడ్డలు కడతాయి, ఆ గడ్డల్లో ప్లేట్‌లెట్లు, గడ్డకి పోగులిచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఖర్చయిపోతాయి. పెద్దవాళ్లయితే ఎముక మజ్జ స్పీడు పెంచి కొత్తవి తయారుచేస్తుంది. నెలలు నిండని బిడ్డకి ఆ శక్తి తక్కువ. పైగా విటమిన్ కె మీద ఆధారపడే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు) పుట్టుకతోనే పెద్దవాళ్లలో ఉండేదాంట్లో దాదాపు సగమే ఉంటాయి, గడ్డ కట్టకుండా ఆపే ప్రొటీన్ సి, యాంటీథ్రాంబిన్ కూడా అంతే తక్కువ. అందుకే ఒకే బిడ్డలో మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తస్రావం, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే సన్నటి ప్లాస్టిక్ గొట్టం) కొన దగ్గర ఫంగస్ పట్టిన గడ్డ, రెండూ కలిసి కనిపించవచ్చు. ఒక్కోసారి ఆ గడ్డ గుండె కుడివైపు గదిలో ఉంటుంది. కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, క్యాండిడా వస్తే ఎకో (గుండె స్కాన్), కిడ్నీల స్కాన్ తప్పనిసరిగా చేయించాలని పట్టుబట్టేది ఇందుకే.

రిపోర్టులు చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. రక్తం తీయడం ఆలస్యమై శాంపిల్ ట్యూబులోనే గడ్డకడితే ప్లేట్‌లెట్లు లేనిపోని తక్కువ చూపిస్తాయి, స్మియర్ (గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్క) మైక్రోస్కోప్‌లో చూసి మళ్లీ పంపాలి. పసిబిడ్డకి ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) మామూలుగానే ఎక్కువ ఉంటుంది, పక్కన అచ్చేసిన పెద్దవాళ్ల నార్మల్‌తో పోల్చి కంగారుపడకూడదు.

ఇక బ్లడ్ కల్చర్. క్యాండిడా నిజంగా ఉన్నా దాదాపు సగం మందిలో అది దొరకదు. అందుకే అనుమానం గట్టిగా ఉన్న చిన్న బిడ్డకి రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఫంగస్‌ని చంపే యాంఫోటెరిసిన్ బి మొదలుపెడతాం. కల్చర్‌లో ఫంగస్ వస్తే సెంట్రల్ లైన్ వీలైనంత త్వరగా తీసేయాలి. ఫంగస్ ఆ ప్లాస్టిక్‌ని పట్టుకుని పొరలా పెరిగాక మందు అక్కడికి సరిగా చేరదు.

మరి ప్లేట్‌లెట్లు ఎక్కించడం? రక్తం కారుతున్నా, ఆపరేషన్ ఉన్నా తప్పకుండా ఎక్కిస్తాం. ఊరికే అంకె పెంచడానికి మాత్రం వద్దంటాను. బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్‌లలో 660 మంది నెలలు నిండని పిల్లల మీద చేసిన ట్రయల్ 2019లో అచ్చయింది. 25,000 కంటే తగ్గితేనే ఎక్కించిన గుంపులో మరణం లేదా పెద్ద రక్తస్రావం 19 శాతం, 50,000 దగ్గరే ఎక్కించినవాళ్లలో 26 శాతం. దాతలు సిద్ధంగా ఉన్నా మేం ఆగుతున్నామంటే కారణం ఇదే, దయచేసి నిర్లక్ష్యం అనుకోకండి.

మందు పనిచేస్తే లెక్క మెల్లగా పెరుగుతుంది. అప్పుడు కుటుంబం "ఇంక డిశ్చార్జ్ చేసేయండి సార్, ఖర్చు తట్టుకోలేకపోతున్నాం" అంటుంది. ఆ మాట వినడం చాలా కష్టంగా ఉంటుంది. అయినా రక్తంలో ఫంగస్ లేదని కల్చర్ తేలాక మరో 14 రోజులు మందు పడాలి, మెదడుకో గుండెకో పాకితే ఇంకా ఎక్కువ రోజులు. కంటి పరీక్ష కూడా అయ్యాకే ఇంటికి పంపుతాం.