కెనడా నోవా స్కోషియాలోని హాలిఫాక్స్, సిడ్నీల్లో మొదటి చలికాలం గడపబోయేవాళ్లకి

సీజనల్ ఫోర్‌కాస్ట్ మ్యాప్ బయటికి రాగానే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావుడి. నోవా స్కోషియా మీద ఎరుపు (వెచ్చదనం) కనిపిస్తే "హమ్మయ్య, ఈసారి బతికిపోయాం", నీలం (చలి) కనిపిస్తే "అన్నా, ఇంకో జాకెట్ కొనమంటావా?" కేప్ బ్రెటన్ యూనివర్సిటీలో చేరి కేప్ బ్రెటన్ దీవిలో ఉన్న సిడ్నీలో దిగిన పిల్లలైతే ఏ వారం ఎంత మంచు పడుతుందో కూడా చెప్పమంటారు. విజయవాడ ఎండల్లోంచి నేరుగా వచ్చి పడ్డవాళ్లు, కంగారు ఉండదా మరి. కానీ ఆ మ్యాప్‌కి అంత సీన్ లేదు.

ఆ రంగు చెప్పేది ఒక్కటే. రాబోయే మూడు నెలల సగటు ఉష్ణోగ్రత, గత ముప్ఫై ఏళ్ల సగటు కంటే ఎక్కువ ఉండొచ్చా, తక్కువ ఉండొచ్చా, దానికి అవకాశం ఎంత శాతం. అంతే. తుఫాన్లు ఎన్నొస్తాయి, మంచు ఎంత పడుతుంది, కరెంటు ఎన్ని గంటలు పోతుంది, ఇవేవీ అందులో ఉండవు, మనకి కావాల్సినవేమో అవే.

2023-24 చలికాలాన్నే చూడండి. ఎల్ నీన్యో, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కిన సంవత్సరం, మ్యాప్ నిండా ఎరుపు, చివరికి ఆ అంచనా నిజం కూడా అయింది. 1948 నుంచి ఉన్న లెక్కల్లో కెనడా మొత్తానికి అదే అతి వెచ్చని చలికాలం. అదే చలికాలంలో, ఫిబ్రవరి మొదటి వారంలో, ఒక అల్పపీడనం కేప్ బ్రెటన్ దగ్గర కదలకుండా కూర్చుంది. నాలుగు రోజుల్లో కొన్నిచోట్ల 150 సెంటీమీటర్ల దాకా మంచు పడింది. అంటే నిలబడ్డ మనిషికి మెడ దాకా. తలుపు తెరిస్తే ఎదురుగా తెల్లటి గోడ, కొందరు కిటికీల్లోంచి బయటికి రావాల్సి వచ్చింది, అక్కడి మున్సిపాలిటీ ఎమర్జెన్సీ ప్రకటించింది. సగటు తీసి చూస్తే వెచ్చని చలికాలమే, మ్యాప్ అబద్ధం చెప్పలేదు. ఆ వారం సిడ్నీలో ఉన్నవాళ్లకి ఆ మాట చెప్పి చూడండి.

మరి ఇక్కడి వాతావరణాన్ని నడిపించేది ఏంటంటే, ముఖ్యంగా తుఫాను వెళ్లే దారి. మాకు పడమరన ఖండం లోపలి నుంచి వచ్చే గడ్డకట్టించే గాలి, దక్షిణాన గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం తెచ్చే వెచ్చటి నీళ్లు, ఈ రెండింటి తేడాతోనే అమెరికా తూర్పు తీరం వెంబడి అల్పపీడనాలు బలపడి పైకొస్తాయి. ఆ అల్పపీడనం మాకు పడమర వైపు నుంచి వెళ్తే వెచ్చటి గాలి మా మీదికొచ్చి వాన పడుతుంది, తూర్పున సముద్రం మీదుగా వెళ్తే మంచు. దారి ఓ వంద కిలోమీటర్లు అటూ ఇటూ అయితే చాలు, కథ మొత్తం మారిపోతుంది. హాలిఫాక్స్ డౌన్‌టౌన్‌లో గొడుగు పట్టుకుని తిరుగుతుంటే, లోపలికి, కాస్త ఎత్తులో ఉన్న ఎయిర్‌పోర్ట్ దగ్గర పారలతో మంచు తీస్తుంటారు. ఈ దారి నాలుగైదు రోజుల ముందు కూడా ఖాయంగా తెలియదు, ఇక నవంబర్‌లో కూర్చుని ఫిబ్రవరి గురించి ఎవరు చెప్తారు?

ఎల్ నీన్యో, దానికి ఉల్టా అయిన లా నీన్యా అని టీవీల్లో ఊదరగొడతారు కదా, వాటి ప్రభావం కెనడా పడమర వైపు బాగా కనిపిస్తుంది, మా దాకా వచ్చేసరికి పలచబడిపోతుంది. మా అట్లాంటిక్ వైపు పెత్తనం ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనానిది, అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవుల దగ్గరి అధికపీడనానిది. వాటి మధ్య తేడా పెరిగితే ఒక రకం వాతావరణం, తగ్గితే ఇంకో రకం. ఆ తేడా ఎలా ఉండబోతోందో ఒకట్రెండు వారాల ముందు తెలిస్తే గొప్ప. ఇంకో పక్క 1792 నుంచి వస్తున్న ఓల్డ్ ఫార్మర్స్ ఆల్మనాక్ అనే అమెరికన్ పంచాంగం ఉంది, నెలల ముందే చలికాలం ఎలా ఉంటుందో రాసేస్తుంది. మన ఉగాది పంచాంగ శ్రవణంలో ఈ ఏడు మేఘాధిపతి ఎవరు, వానలెన్ని అని చెప్పినట్టే. వినడానికి సరదాగా ఉంటుంది, నేనూ చదువుతాను. కానీ స్నో టైర్లు కొనాలా వద్దా అన్నది దాన్ని చూసి తేల్చుకోను.

నన్ను అడిగితే చూడాల్సింది క్యాలెండర్. డిసెంబర్‌లో ఏమీ జరగకపోతే మోసపోకండి. సముద్రం మెల్లగా చల్లబడుతుంది, అందుకే క్రిస్మస్‌కి నేల పచ్చగానే ఉన్న ఏళ్లు తక్కువేం కాదు. కొత్తవాళ్లు అప్పుడే "ఇంతేనా నోవా స్కోషియా" అని రీల్స్ పెడతారు. అసలు సినిమా జనవరి రెండో సగం నుంచి మార్చి దాకా. 2004లో హాలిఫాక్స్‌ని ముంచేసిన వైట్ వాన్ తుఫాను ఫిబ్రవరిలోనే, ఒక్క రోజులో దాదాపు 90 సెంటీమీటర్లు. 2023లో చలి చంపేసిన రెండు రోజులూ ఫిబ్రవరిలోవే, గాలితో కలిపితే మైనస్ 40 దాకా పోయింది. సిడ్నీ సంగతి ఇందాకే చెప్పా. సిడ్నీ వాళ్లు ఇంకోటి కూడా గమనించాలి, కేప్ బ్రెటన్ పక్కనున్న సముద్రం, సెయింట్ లారెన్స్ గల్ఫ్, గడ్డకట్టిందా లేదా అన్నది. నీళ్లు తెరిచి ఉంటే వాటి మీదుగా వచ్చే చల్లగాలి తేమ పట్టుకొచ్చి కేప్ బ్రెటన్ మీద కుమ్మరిస్తుంది, పైన ఐస్ కట్టేస్తే ఆ రకం మంచు తగ్గుతుంది. కెనడియన్ ఐస్ సర్వీస్ మ్యాప్‌లు అందరూ చూడొచ్చు, ఫ్రీ.

ఇక ఎవరూ చెప్పని సంగతి. తీరంలో ఉండేవాళ్లకి మంచు కంటే వెచ్చని చలికాలమే డేంజర్. మధ్యాహ్నం ప్లస్ 4లో వాన, రాత్రికి మైనస్ 9. పొద్దున్నే వెనక మెట్లు చూస్తే తడిగా ఉన్నట్టే ఉంటాయి, కాస్త మెరుస్తుంటాయి, అంతే. అది నీళ్లు కాదు, గాజులాంటి ఐస్. కాలు పెట్టిన మరుక్షణం ఆకాశం కనిపిస్తుంది. అందుకే తలుపు లోపలే ఒక డబ్బాలో ఉప్పు పెట్టుకోండి, గుమ్మంలో నిలబడే చల్లండి, చిటపట చప్పుడొస్తుంది, కాసేపు ఆగి రెయిలింగ్ పట్టుకుని దిగండి. మరీ చలి ముదిరితే, మైనస్ 15 అలా, మామూలు ఉప్పు పనిచేయదు, అప్పుడు ఇసుకే గతి. బూట్లకి తొడుక్కునే ముళ్ల పట్టీలు దొరుకుతాయి, స్టైల్ గురించి ఆలోచించకుండా కొనేయండి.

కారున్నవాళ్లకి, ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగితే ఆల్ సీజన్ టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. ఇక్కడ క్యూబెక్ రాష్ట్రంలోలా వింటర్ టైర్లు తప్పనిసరి అనే చట్టం లేదు, అయినా వేయించండి. అద్దం మీద ఐస్ పేరుకుంటే వేడినీళ్లు మాత్రం పోయకండి, అద్దం పగులుతుంది.

బేస్‌మెంట్లలో ఉండే పిల్లలకి ఒక్క మాట, దయచేసి వినండి. పెద్ద మంచు పడ్డాక మీ వాకిలి కంటే ముందు ఇంటి పక్క గోడలోంచి బయటికొచ్చే ఫర్నేస్ (ఇల్లు వెచ్చబరిచే యంత్రం) పొగ పైపు చుట్టూ మంచు తీయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే తిరిగొస్తుంది, దానికి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం లేకపోతే ఓనర్‌ని అడగండి, ఆయన నాన్చుతుంటే మీరే కొనుక్కోండి, తర్వాత లెక్క చూసుకోవచ్చు. నేనున్న మొదటి ఇంట్లో ఆ పైపు ఎక్కడుందో ఓనర్‌కే తెలియదు.

తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం సూపర్ మార్కెట్లో పాలు, బ్రెడ్ ఖాళీ. చిప్స్ కూడా. ఇక్కడివాళ్లు తుఫానుకని ప్రత్యేకంగా చిప్స్ కొంటారు, స్టార్మ్ చిప్స్ అంటారు, నాకు బాగా నచ్చిన ఆచారం ఇది. మనకేమో బియ్యం, పప్పు, ఆవకాయ ఉంటే మూడు రోజులు ఢోకా లేదు, కాకపోతే స్టవ్ కరెంటుది అయితే అన్నం ముందే వండి పెట్టుకోవాలి, ఫోన్లు, పవర్ బ్యాంకులు నిండా ఛార్జ్ చేసుకోవాలి.

హాలిఫాక్స్‌లో రోడ్డు మీద కారు పెట్టేవాళ్లు ఇది నోట్ చేసుకోండి. డిసెంబర్ 15 నుంచి మార్చి 31 దాకా, మున్సిపాలిటీ ప్రకటించిన రాత్రుల్లో 1 గంట నుంచి 6 గంటల వరకు వీధిలో పార్కింగ్ నిషేధం. ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా ఇప్పుడే నమోదు చేసుకోండి, మంచులో తడుముకుంటూ టో అయిన కారు ఎక్కడుందో కనుక్కోవడం కంటే అది సులువు.