పీసీ వేడి తగ్గించే పని: ఐదు వారాల చిట్టా

మొదటి శనివారం

గేమ్ మొదలుపెట్టిన పావుగంటకల్లా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా వినిపిస్తోంది. వేడీ స్పీడూ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే కార్డు 84 డిగ్రీల దగ్గర ఆగి, అక్కడి నుంచి క్లాక్ (పనిచేసే వేగం) తగ్గించుకుంటోంది. ఫ్యాన్లు 2,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద తిరుగుతున్నాయి. కాలిపోయేంత వేడి కాదు కానీ, ఇంత చప్పుడు భరిస్తూ గేమ్‌లో సెకనుకి వచ్చే ఫ్రేమ్‌లు కూడా పోగొట్టుకోవడం ఎందుకని ఇవాళ స్క్రూడ్రైవర్ పట్టాను.

ఏదీ విప్పకముందే ఒక నోటుబుక్కు తీశాను. పోయినసారి ఇలాంటి పని మొదలుపెట్టి, ఏం చేస్తే ఎంత తగ్గిందో తెలియక తికమకపడ్డాను. ఈసారి మూడు నియమాలు పెట్టుకున్నా: ఒకసారికి ఒకటే మార్పు; అదే గేమ్, అదే సీను, ఇరవై నిమిషాలు; రాసుకునేది కార్డు వేడి కాదు, అందులోంచి గది వేడి తీసేయగా మిగిలిన తేడా. గది 26 ఉన్న రోజూ 32 ఉన్న రోజూ కొలతలు పోల్చాలంటే ఈ తేడా ఒక్కటే నమ్మకం. ఇరవై నిమిషాలు ఎందుకంటే, కేబినెట్ లోపలి గాలి వేడెక్కి ఒక చోట నిలబడటానికి అంత టైమ్ పడుతోంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే అంకెలు మోసం చేస్తాయి.

ఇవాళ గది 30, కార్డు 84. తేడా 54.

తర్వాత పక్క ప్యానెల్ ఊడదీసి మళ్లీ ఆడాను. కార్డు 74, తేడా 44. మొత్తం పనిలో అన్నిటికన్నా తేలికైన పరీక్ష ఇదే. ప్యానెల్ తీయగానే పది డిగ్రీలు పడిపోయిందంటే కార్డు కూలర్‌లో లోపం లేదు, దానికి చల్లగాలి అందడం లేదంతే. తీసినా ఒకటి రెండు డిగ్రీలే తగ్గి ఉంటే చిప్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ మార్చడమో, కూలర్ రెక్కలు శుభ్రం చేయడమో చూసేవాణ్ని.

రెండో రోజు

దుమ్ము దులిపాను. ప్లగ్ పీకేసి, బ్లోయర్‌తో. ఫ్యాన్ మీద గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి, వదిలేస్తే అది ఇష్టమొచ్చినట్టు తిరిగి బేరింగ్ పాడవుతుంది. ముందు ఫిల్టర్ తీసి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టాను.

ఫిల్టర్ పైసగం మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. కింది సగం దాదాపు శుభ్రంగా ఉంది. చూశాను, ఆలోచించలేదు, కడిగేశాను.

తేడా 52. రెండు డిగ్రీలే. కేబుళ్లు కూడా వెనక్కి లాగి టైలు కట్టాను. ఒక్క డిగ్రీ తగ్గలేదు, చూడటానికి మాత్రం బాగుంది.

రెండో వారం

నా కేబినెట్‌లో ముందు మూడు ఫ్యాన్లకి చోటుంది. పైనా మధ్యలో చెరొక 120 ఎంఎం ఫ్యాన్ ఉంది, అడుగు చోటు ఖాళీ. వెనక ఒకటి గాలి బయటికి తోస్తుంది. ముందు ఫ్యాన్లు ఎంత గాలి లాగుతున్నాయో చూద్దామని కేబినెట్ ముఖం మీది గాజు ప్యానెల్ తీసేసి, టిష్యూ కాగితం సన్నగా చించి ఫిల్టర్ ముందు పట్టుకున్నాను. పై ఫ్యాన్ దగ్గర కాగితం ఫిల్టర్‌కి టపీమని అతుక్కుంది. వేలు తీసినా పడలేదు. మధ్య ఫ్యాన్ దగ్గరికి తెచ్చాను. కాగితం నా వైపుకి తిరిగి రెపరెపలాడింది.

ఆ ఫ్యాన్ తిరగేసి బిగించి ఉంది. రెండేళ్లుగా! ఎవరినీ అనడానికి లేదు, బిగించింది నేనే. పై ఫ్యాన్ లాగిన గాలి లోపల వేడెక్కితే, మధ్య ఫ్యాన్ దాన్ని మళ్లీ గాజు వెనక్కే ఊదుతోంది, పై ఫ్యాన్ దాన్నే మళ్లీ లాగుతోంది. దుమ్ము పైసగమే ఎందుకు పట్టిందో అప్పుడు వెలిగింది.

ఫ్యాన్ ఏ వైపు ఊదుతుందో తెలియాలంటే: మోటారును పట్టుకుని ఉండే ప్లాస్టిక్ కమ్మీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపు నుంచి బయటికొస్తుంది. కొన్నిటికి ఫ్రేమ్ అంచున బాణం గుర్తు కూడా ఉంటుంది. నాలుగు స్క్రూలు విప్పి తిప్పి పెట్టాను. తేడా 48.

అదే ఊపులో గాజు ప్యానెల్ తీసేసే ఉంచి ఆడి చూశాను. 42! అసలు దొంగ ఇక్కడున్నాడు. గాజుకీ ఫ్రేముకీ మధ్య పక్కల వేలు దూరేంత సందు ఉంది, రెండు ఫ్యాన్లకి కావాల్సిన గాలంతా ఆ సందుల్లోంచే రావాలి. మూతికి గుడ్డ కట్టి పరుగెత్తమన్నట్టుంది. అయినా కొన్నప్పుడు ఆ గాజు చూసే కదా మురిసిపోయాను.

మూడో వారం

గాజు లేకుండా వదిలేస్తే ముఖం బోసిగా ఉంది, వేళ్లు తగిలే భయం కూడా. గాజును దాని ప్లాస్టిక్ ఫ్రేము నుంచి విడదీసి, ఆ చోట కిటికీలకి కొట్టే నైలాన్ దోమల జాలి బిగించాను. దుమ్ము పట్టడానికి లోపల ఫిల్టర్ ఎలాగూ ఉంది కాబట్టి సన్న జాలి అక్కర్లేదు. ఎంత సన్నదైతే అంత గాలిని ఆపుతుంది. జాలిని ఫ్రేము కన్నా చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా కత్తిరించి, ముందు పైఅంచు, తర్వాత కిందిది, ఆఖరున పక్కలు లాగి డబుల్ టేపుతో అంటించాను. పక్కలు ముందు అంటిస్తే మధ్యలో ముడతలు పడుతున్నాయి, మొదటి ముక్క అలాగే పాడైంది. తేడా 43. ఒక్క డిగ్రీ జాలికి ఇచ్చేశాను.

ఇక్కడితో ఆగాల్సింది. రెండు కొత్త ఫ్యాన్లు తెచ్చాను. ఒకటి ముందు అడుగు చోట్లో పెట్టాను, తేడా 41కి వచ్చింది. రెండోదాన్ని కప్పు మీద, ముందు వైపు రంధ్రాల దగ్గర, గాలి బయటికి తోసేలా బిగించాను. వేడిగాలి పైకే కదా పోతుంది, ఇంకా తగ్గుతుందనుకున్నాను. ప్రాసెసర్ తేడా 46 నుంచి 49కి పెరిగింది. ముందున్న మూడింటిలో పై ఫ్యాన్ లోపలికి తెచ్చిన చల్లగాలిని, అది ప్రాసెసర్ కూలర్‌ని చేరకముందే ఈ కప్పు ఫ్యాన్ బయటికి లాగేస్తోంది. వెనక మూలకి జరిపితే మళ్లీ 46కి వచ్చింది, అంటే ఉన్నా లేనట్టే. విప్పి డబ్బాలో పెట్టేశాను.

ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికొచ్చేది ఎక్కువ కాబట్టి గాలి సందుల్లోంచి బయటికే కారుతుంది, ఫిల్టర్ లేని సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు.

నాలుగో వారం

చప్పుడు పని. కొత్త ఫ్యాన్ కొంచెం కూడా తగ్గకుండా ఫుల్ స్పీడులో అరుస్తోంది. అది మూడు పిన్నుల ఫ్యాన్, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆ హెడర్, అంటే ఫ్యాన్ వైరు గుచ్చే చోటు, పీడబ్ల్యూఎం మోడ్‌లో (నాలుగో పిన్ను సిగ్నల్‌తో స్పీడు మార్చే పద్ధతి) ఉంది. మూడు పిన్నుల ఫ్యాన్ స్పీడు వోల్టేజీ తగ్గిస్తేనే తగ్గుతుంది, పీడబ్ల్యూఎం మోడ్‌లో దానికి ఎప్పుడూ 12 వోల్టులు అందుతూనే ఉంటాయి. వోల్టేజీని మార్చే డీసీ మోడ్‌కి మార్చగానే దారికొచ్చింది.

రెండో చికాకు, బ్రౌజర్ తెరిస్తే చాలు కేబినెట్ ఫ్యాన్లు ఉయ్‌మని లేచి మళ్లీ పడుకుంటున్నాయి. బయాస్ వాటిని ప్రాసెసర్ వేడికి కట్టేసింది, అదేమో సెకనులో పదిహేను డిగ్రీలు ఎగురుతుంది. గేమ్‌లో గాలి కావాల్సింది గ్రాఫిక్స్ కార్డుకి. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ముందు ఫ్యాన్లను ప్రాసెసర్, కార్డు రెంటిలో ఏది వేడిగా ఉంటే దానికి కట్టాను. స్పీడు పెరగడానికి 4 సెకన్ల ఆలస్యం పెట్టాను. 60 డిగ్రీల దాకా 700 ఆర్‌పీఎం, 75కి 1,100. అంతకు మించి పెంచితే చప్పుడే తప్ప వేడి పెద్దగా తగ్గడం లేదు.

ఈ సెట్టింగుతో తేడా 43. ఫ్యాన్లన్నీ పూర్తిగా వదిలితే 41 వస్తుంది, ఆ రెండు డిగ్రీలు నాకొద్దు.

ఐదో వారం

గది 30, కార్డు 73. కార్డు ఫ్యాన్లు 1,600 ఆర్‌పీఎం, క్లాక్ తగ్గడం లేదు. బల్ల కింద అరలో గోడకి ఆనుకుని ఉన్న కేబినెట్‌ను జానెడు ముందుకి లాగాను, లేకపోతే వెనక నుంచి వచ్చిన వేడిగాలి అరలోనే తిరిగి ముందుకి వస్తోంది. చెయ్యి పెడితేనే తెలిసింది, గోడ వెచ్చగా ఉంది.

మిగిలిన పని ఒకటే. ఫ్యాన్లు సరిగ్గా 900 దగ్గర ఉన్నప్పుడు కేబినెట్ రేకు జుమ్మని మోగుతోంది. 880 దగ్గరా లేదు, 930 దగ్గరా లేదు. స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వేసి చూడాలి. అవి వచ్చేదాకా ఆ స్పీడు మీద ఫ్యాన్ నిలబడకుండా, వేడిని బట్టి స్పీడు చెప్పే కర్వ్‌ను అక్కడ నిట్టనిలువుగా లేపి పెట్టాను.