రబ్బరు ఎవరి చుట్టం?

మా అక్క కూతురు నరసన్నపేట నుంచి సెలవులకి శ్రీకాకుళం మా ఇంటికి వచ్చింది. ఇంటర్ ఫస్టియర్ అయిపోయింది, ఎంపీసీ. సెలవులంటే ఫోను చూసుకుంటాది అనుకున్నాను గానీ రెండో రోజే ఫిజిక్స్ పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన కూలబడింది. "మావయ్యా, రబ్బరు కన్నా స్టీలుకే ఎలాస్టిసిటీ ఎక్కువంట. బట్టీ కొట్టీసి రాసీసేను, రెండు మార్కులు వచ్చీసేయి, కానీ ఇది అబద్ధం కదేటి?"

నేను బీఎస్సీ చదివింది ఎప్పుడో, ఇప్పుడు చేసేది లెక్కల పుస్తకాల మధ్య ఉద్యోగం, అయినా మేనకోడలి ముందు పరువు ఒకటి ఉంటాది కదా, అందుకని కాసేపు ఆలోచించి తెలుగు మీడియం పుస్తకంలో ఈ మాటకి ఏం రాసేవారో గుర్తు చేసుకున్నాను. స్థితిస్థాపకత. మా రోజుల్లో ఈ మాట పలకలేక చచ్చేవాళ్ళం, ఇంగ్లీషు మీడియం వాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు చూస్తే ఇంత చక్కని మాట ఇంకోటి లేదనిపిస్తంది. స్థితిని మళ్ళీ స్థాపించుకోవడం, అంటే ఉన్న చోటికి తిరిగి వచ్చేయడం. సాగడం గురించి ఆ మాటలో ఒక్క ముక్క కూడా లేదు చూడండి. తప్పంతా పాంటు నడుముకి కుట్టే ఎలాస్టిక్‌ది. అది బాగా సాగుతాది కాబట్టి ఎలాస్టిక్ అంటే సాగేది అని మన బుర్రలో పడిపోయింది.

సాగిన ప్రతీదీ స్థితిస్థాపకం కాదు అనడానికి మా తాత నులక మంచం చాలు. రోజూ పడుకుంటే నులక సాగిపోయి మధ్యలో గుంట పడేది, లేచిపోయినా ఆ గుంట అలగే ఉండేది, నెలకోసారి తాత కాళ్ళవైపు తాడు విప్పి లాగి బిగించేవాడు. అంటే సాగింది, తిరిగి రాలేదు. స్టీలు తీగ అలా కాదు. అడ్డంగా కోస్తే చదరపు మిల్లీమీటరు వైశాల్యం, మీటరు పొడుగు ఉన్న తీగకి 10 కేజీల బరువు వేలాడదీస్తే అది సాగేది అర మిల్లీమీటరు, కంటికి కూడా ఆనదు. బరువు తీసేస్తే మళ్ళీ సరిగ్గా మీటరే. అంత మందం రబ్బరు పోగుకి 10 కేజీలు కడితే తెగి ఊరుకుంటాది. కొంచెం సాగడానికి ఎంత బలం అడుగుతాది అనేదే యంగ్ గుణకం. స్టీలుకి అది సుమారు 20 వేల కోట్ల పాస్కల్స్, మెత్తటి రబ్బరుకి పదుల లక్షల్లో ఉంటాది. పుస్తకం ఎలాస్టిసిటీని కొలిచేది దీంతోనే, కాబట్టి అది అన్నది అబద్ధం కాదు.

ఇక్కడితో అయిపోతే ఈ పోస్టు రాసేవాడిని కాదు.

సాయంత్రం బండి వెనక టైరులో గాలి తగ్గిందని ఏడు రోడ్ల జంక్షన్ దాటాక మాకు అలవాటైన పంచర్ షాపుకి వెళ్ళాం, మా మేనకోడలు గుంట కూడా వచ్చింది. షాపు బాబాయ్ ట్యూబు తీసి నీళ్ళ తొట్టెలో ముంచి బుడగలు వెతికేడు, ప్యాచ్ వేసేడు, కంప్రెసర్ ఆ రోజు పని చెయ్యట్లేదని చేతి పంపుతో కొట్టేడు. కొడుతూ కొడుతూ "ఎండలు కదా బావూ, రెండు పాయింట్లు తక్కువ పెడతన్నాను, లేపోతే మజ్జాన్నానికి టైరు పేలిపోద్ది" అన్నాడు. టైరులో గాలి పీడనం కొలిచే పీఎస్సైని ఆయన పాయింట్లు అంటాడు, మన ఊళ్ళో అందరూ అంతే.

మా గుంటకి ఇదే అదను. వాయువుల చాప్టర్ ఫ్రెష్‌గా ఉంది కదా, ఫోనులో కాలిక్యులేటర్ తీసి, పొద్దున్న 27 డిగ్రీలు, మజ్జాన్నం రోడ్డు మీద టైరు వేడెక్కి 57 డిగ్రీలు అనుకుందాం, పీడనం ఉష్ణోగ్రతకి అనులోమానుపాతంలో ఉంటాది, మన టైరుకి పెట్టాల్సింది 28 పాయింట్లు, 28 ఇంటూ 57 బై 27, అంటే 59 పాయింట్లు మావయ్యా, పంచర్ తాతగారు చెప్పింది నిజమే, అని కళ్ళు పెద్దవి చేసింది. అదే నిజమైతే మే నెలలో ఏడు రోడ్ల జంక్షన్లో దీపావళే. రెండు తప్పులు చేసింది, పరీక్షల్లో అందరూ చేసేవే. మొదటిది సెల్సియస్ వేసేయడం. వాయువుకి మన సున్నాతో పనిలేదు, దాని సున్నా ఇంకా 273 డిగ్రీల కింద ఉంది, కాబట్టి 27 అంటే 300, 57 అంటే 330. పెరిగింది పదోవంతు అంతే. రెండోది ఇంకా దొంగ తప్పు. గేజీ చూపించే 28 అసలు పీడనం కాదు, బయట గాలి కన్నా ఎంత ఎక్కువ ఉందో అంతే చూపిస్తాది. బయట గాలిదే 14.7 ఉంది. కలిపితే 42.7, దానికి పదోవంతు చేరిస్తే 47, మళ్ళీ 14.7 తీసేస్తే 32 పైచిలుకు. నాలుగు పాయింట్లు పెరుగుతాది. కంపెనీ వాళ్ళు టైరు చల్లగా ఉన్నప్పుడు ఇంత పెట్టమని రాసేదే ఈ పెరుగుదల చూసుకుని, కాబట్టి ఎండాకాలమని తగ్గించక్కర్లేదు, తగ్గిస్తే టైరు పక్కలు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతాది. ఇది బాబాయ్‌కి చెప్తే "సరేలే, నీ ఇష్టం" అని 28 పెట్టేడు, నమ్మేడని మాత్రం అనిపించలేదు. నైట్రోజన్ కొట్టిస్తే వేడికి పెరగదు కదా అని పక్కన పల్సర్ కుర్రాడు అన్నాడు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే నాయనా, లెక్క దానికీ ఇదే.

ఇంతలో గుంట పంపు అడుగు పట్టుకుని "ఓలమ్మో, కాలిపోతంది" అంది. గాలిని గబగబా నొక్కితే వేడెక్కుతాది, ఆ వేడి బయటికి పోయే టైమ్ ఉండదు. నాకు ఫిజిక్స్‌లో భలే ఇష్టమైన కథ ఇక్కడే ఉంది. గాలిని నిదానంగా, వేడెక్కకుండా నొక్కితే దాని స్థితిస్థాపక గుణకం, అంటే నొక్కుడుకి ఎంత బిగుసుగా ఎదురు నిలుస్తాదో ఆ అంకె, లెక్క కట్టక్కర్లేదు, ఆ గాలి పీడనం ఎంతో గుణకం అంతే, అంటే మన చుట్టూ ఉన్న గాలికి లక్ష పాస్కల్స్ చిల్లర. న్యూటన్ ఇదే పట్టుకుని శబ్దం గాలిలో ఎంత వేగంతో వెళ్తాదో లెక్క కట్టేడు. ఆ లెక్కన సున్నా డిగ్రీల దగ్గర సెకనుకి 280 మీటర్లు వస్తాది. కొలిస్తే సున్నా డిగ్రీల దగ్గర 331. న్యూటన్ అంతటివాడికి 50 మీటర్లు తేడా కొట్టింది! తర్వాత లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చి, శబ్దం గాలిని నొక్కేది పంపు కొట్టినట్టు గబగబా, నొక్కిన చోట వేడి పుడతాది, అది తప్పించుకునే లోపే మళ్ళీ వదిలేస్తాది, కాబట్టి గాలి ఇంకొంచెం బిగుసుగా, 1.4 రెట్లు బిగుసుగా ఉంటాది అన్నాడు. ఆ 1.4 వర్గమూలంతో 280ని గుణిస్తే 331. పంపు అడుగు ముట్టుకుని ఉంటే న్యూటన్‌కి కూడా తట్టేదేమో, ఏమో.

గాలికి స్థితిస్థాపకత ఏటి అని గుంటకి ఇంకా డౌటు. ఇంటికి వెళ్తూ మెడికల్ షాపులో సూది లేని 10 ఎంఎల్ సిరంజి కొన్నాను. మూతి బొటనవేలితో మూసి నొక్కమన్నాను, 5 దాకా నొక్కేసరికి లోపల పీడనం రెట్టింపు అయ్యింది, వేలు నొప్పెట్టింది, వదిలేస్తే పిస్టన్ టక్కున వెనక్కి వచ్చేసింది. స్ప్రింగే. బాయిల్ అనే శాస్త్రవేత్త 1660లోనే గాలి స్ప్రింగు అని రాసేడు, 1662లో పీడనం, ఘనపరిమాణం లెక్క ఇచ్చేడు. ఆయనకి గాలి పంపు చేసిపెట్టిన అసిస్టెంట్ ఎవరనుకున్నారు? రాబర్ట్ హుక్. ఎలాస్టిసిటీ చాప్టర్లో మొదటి పేజీ హుక్ గారే! ఆయన తన నియమాన్ని 1676లో అక్షరాలు కలగలిపి పజిల్‌గా వదిలేడు, ఎవరూ కాజెయ్యకుండా, 1678లో విప్పి చెప్పేడు, సాగుడు ఎంతో బలం అంత అని. మన సిలబస్‌లో ఈ రెండు చాప్టర్లూ వేరేవేరే చోట్ల పెట్టి, అసలు పరిచయం లేనట్టు చెప్తారు. నాకు అదే కడుపుమంట.

ఎందుకంటే రబ్బరు దగ్గర ఆ రెండు చాప్టర్లూ కలిసిపోతాయి. రాత్రి కరెంటు పోయి మేడ మీద కూర్చున్నప్పుడు కొంచెం వెడల్పుగా ఉన్న రబ్బరు బ్యాండు ఇచ్చి, గభాల్న సాగదీసి వెంటనే పెదవికి ఆనించమన్నాను. వెచ్చగా ఉంది. అలగే కాసేపు పట్టుకుని, గభాల్న వదిలి మళ్ళీ ఆనిస్తే చల్లగా. చేసి చూడండి, ఇంట్లో అందరూ చేసేరు, మా అమ్మ కూడా. పంపులో గాలి నొక్కితే వేడెక్కినట్టే ఇదీ.

స్టీలులో పరమాణువులు పెళ్ళి భోజనాల్లో బంతిలో కూర్చున్నట్టు వరసగా ఉంటాయి. ఎవరైనా పక్కకి నెడితే కొంచెం జరుగుతారు, నెట్టడం ఆపగానే సర్దుకుని తమ విస్తరి దగ్గరికి వచ్చేస్తారు. మరీ గట్టిగా నెడితే పక్కవాడి విస్తరి ముందుకి పోయి అక్కడే తినేస్తారు, ఇంక తిరిగి రారు, స్థితిస్థాపక అవధి దాటడం అంటే అదే. తీగ వంగితే వంగినట్టే ఉండిపోతాది. రబ్బరు సంగతి వేరు. దాని అణువులు పొడవాటి గొలుసులు. విజయనగరం సిరిమాను పండక్కి వెళ్ళి తప్పిపోకుండా పిల్లలు పదిమంది చేతులు పట్టుకున్నారనుకోండి, ఆ తోపులాటలో గొలుసు తిన్నగా ఉంటాదా? మెలికలు తిరిగి ముద్దయిపోతాది. రెండు చివర్లు పట్టుకుని తిన్నగా లాగబోతే, లోపల పిల్లలు అటూ ఇటూ కదులుతూ ఉంటారు కాబట్టి మీ చెయ్యే లోపలికి లాగుతున్నట్టు ఉంటాది. ఎవరికీ లోపలికి లాగాలనే పట్టుదల లేదు, ఆ కదలికే లాగుతాది. టైరులో గాలి గోడల్ని నెట్టేది కూడా ఇలాంటి కదలికతోనే, కాకపోతే అక్కడ పిల్లలు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

అందుకే వేడి చేస్తే కదలిక పెరిగి గాలి ఇంకా గట్టిగా నెడతాది, సాగిన రబ్బరు ఇంకా గట్టిగా లాగుతాది, స్టీలు మాత్రం మెత్తబడతాది. కరెంటు వచ్చేక రబ్బరు బ్యాండుకి తాళంకప్ప వేలాడదీసి హెయిర్ డ్రయర్ పెట్టేం, తాళం కిందికి దిగుతాదని మా అక్క పందెం కాసింది. నెమ్మదిగా పైకి లేచింది, రెండు మూడు మిల్లీమీటర్లు. గుంట చప్పట్లు. అంటే సాగే విషయంలో రబ్బరు స్టీలుకి చుట్టం కాదు, గాలికి చుట్టం. అన్ని వైపులా నుంచి నొక్కితే మాత్రం ఈ చుట్టరికం చెల్లదు లెండి, అప్పుడు రబ్బరు నీళ్ళలాగే మొండికేస్తాది, ఘనపరిమాణం తగ్గడానికి ఒప్పుకోదు.

మర్నాడు గుంట ఊరుకోలేదు. పొద్దున్న ఆరింటికే బాబాయ్ దగ్గర గేజీ పెట్టించి 28 అని చూసింది, రెండు గంటలకి ఎండలో నిలబెట్టిన బండిని నెట్టుకుంటూ మళ్ళీ తీసుకెళ్ళింది. 31 చూపించింది. గేజీ పాతది బావూ, ఒక పాయింటు అటూ ఇటూ, అన్నాడు బాబాయ్. కాదు, టైరు 57 డిగ్రీలకి ఎక్కలేదు, ఎనిమిదో తొమ్మిదో డిగ్రీలు తక్కువుంది, అని గుంట వెనక్కి లెక్క కట్టింది, ఈసారి 273 కలిపి, 14.7 కూడా కలిపి.