పెడల్ వెనక్కి తిప్పితే ఏమవుతుందంటే

పోయిన జులైలో జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియాలో వియన్నా దాకా డాన్యూబ్ నది పక్కనే సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాం, నేనూ మా బావమరిదీ. 320 కిలోమీటర్ల పైచిలుకు, ఆరు రోజులు. వాడు మ్యూనిక్‌లో ఉంటాడు, రైలెక్కితే పాసౌ రెండున్నర గంటల లోపే. నేను ఇక్కడ హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ ప్యానెళ్ళ నీడలో ఉన్న సైకిల్ ట్రాక్ మీద రెండు నెలలు ప్రాక్టీస్ చేసి, ఇంక మనకేంటిలే అనుకుని బయల్దేరా. లారీలు, దొంగలు, కుక్కలు, ఈ మూడిటికీ భయపడ్డా. మూడిట్లో ఒక్కటి కూడా ఎదురవలేదు.

మొదటి దెబ్బ అద్దె సైకిల్ ఎక్కిన పది నిమిషాలకే తగిలింది. మనకో అలవాటు ఉంటుంది కదా, కాస్త పల్లం రాగానే తొక్కడం ఆపేసి పెడల్ ఖాళీగా వెనక్కి తిప్పుతూ ఫ్రీవీల్‌ని టకటకమనిపించడం, చిన్నప్పుడు అదో స్టైలు. అక్కడ అద్దెకిచ్చే సైకిళ్ళలో చాలావాటికి ఫ్రీవీల్ అలా తిరగదు, పెడల్ వెనక్కి తొక్కితే అదే వెనక చక్రానికి బ్రేకు. షాపులో చెప్పారు, నేను తలూపాను కూడా. వినేది తల, తిప్పేది కాళ్ళు! నది ఒడ్డున చక్కగా పోతూ పోతూ అలవాటుగా వెనక్కి ఒక్క తిప్పు తిప్పా, వెనక చక్రం బిగుసుకుపోయి కంకర మీద బర్రున జారింది, నేను పక్కనున్న గడ్డిలోకి. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే, అదృష్టం. దీంతో ఇంకో తంటా ఏంటంటే సిగ్నల్ దగ్గర ఆగాక పెడల్‌ని పైకి తెచ్చుకోవాలంటే వెనక్కి తిరగదు, అందుకని ఆగేముందే కుడి పెడల్ రెండు గంటల ముల్లులాగా పైన ఉండేట్టు చూసుకుని ఆగాలి, లేదంటే వెనక చక్రం కాస్త పైకెత్తి ముందుకి తిప్పుకోవాలి. లగేజీ బ్యాగులతో ఎత్తి చూడండి తెలుస్తుంది. ఇది నా కాళ్ళకెక్కడానికి రెండు రోజులు పట్టింది.

రెండోది ఎడమ కుడి గోల. అక్కడ కుడి పక్కన పోవాలి. రోడ్డు మీద కార్లుంటే ఎలాగూ గుర్తుంటుంది, కానీ ఎవరూ లేని సన్న దారిలో సడన్‌గా ఎదురుగా ఇంకో సైకిల్ వస్తే చెయ్యి దానంతటదే ఎడమకి తిరుగుతుంది. ఒక పెద్దావిడకీ నాకూ అచ్చం అలాగే అయింది, ఆవిడ కుడికి జరిగితే నేను ఎడమకి, ఇద్దరం ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గర్లో ఆగాం. ఆవిడ జర్మన్‌లో ఏదో అంది. "ఏమంది రా?" అంటే మావాడు "చెప్పనులే బావా" అన్నాడు.

తర్వాత దారిలో వచ్చే లింజ్ నగరంలో ట్రామ్ పట్టాలు. మెయిన్ చౌక్‌లోనే ఉంటాయి, పైగా ఆ రోజు చినుకులు. తడిసిన ఇనుము నున్నగా సబ్బు రాసినట్టుంటుంది, ఏటవాలుగా దాటితే ముందు చక్రం పట్టా సందులోకి దిగిపోతుంది. వీలైనంత వరకు పట్టాలకి సరిగ్గా అడ్డంగా దాటాలి, కుదరకపోతే దిగి నడిపించుకుపోవాలి, నేను సిగ్గుపడకుండా దిగిపోయా.

లింజ్ దాటాక మౌథౌసెన్‌లో నాజీలు ఖైదీల్ని హింసించి చంపిన పాత క్యాంపు ఉంది, అక్కడికి కూడా వెళ్ళాం, కానీ దాని గురించి ఈ పోస్టులో రాయను, ఈ కబుర్ల మధ్యలో ఇరికించే విషయం కాదది.

ఇక పిడుదులు. మన దగ్గర కుక్కలకీ గేదెలకీ పట్టేవే, అక్కడ గడ్డిలోంచి మనుషులకి ఎక్కుతాయి. గ్రైన్ ఊళ్ళో రాత్రి స్నానం చేస్తుంటే మోకాలి వెనక నువ్వుగింజంత నల్లగా కనపడింది, గోకితే రాలేదు. నేను కొబ్బరి నూనె సీసా తీశా, మా అమ్మమ్మ అలాగే చేసేది గేదెలకి. మావాడు ఒక్క అరుపు అరిచి ఆపాడు. నూనె రాయకూడదంట, కాల్చకూడదంట, సన్నమూతి ప్లకర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నెమ్మదిగా పైకి లాగాలి. కనుబొమ్మల ప్లకర్ మా ఆవిడ బ్యాగులోంచి పొరపాటున నాతో వచ్చేసింది, మొత్తం ట్రిప్‌లో దానంత పనికొచ్చిన వస్తువు లేదు. తర్వాత కొన్ని వారాలు అక్కడ ఎర్రటి మచ్చ పెద్దదవుతుందేమో చూసుకుంటూ ఉండాలి, నాకేం రాలేదు. ఆ పిడుదుల వల్ల మెదడువాపు కూడా వస్తుంది, ఆస్ట్రియా వాళ్ళు దానికి టీకా వేయించుకుంటారు, డోసుల మధ్య నెలల గ్యాప్ ఉంటుంది కాబట్టి వెళ్ళేవాళ్ళు డాక్టర్‌ని ముందే అడగండి.

సామాన్ల విషయానికొస్తే, బోలెడు డబ్బు పోసి కొన్న వాన జాకెట్ వేసుకుంటే వానకి తడవలేదు, లోపల చెమటకి తడిసి ముద్దయ్యా. పనికొచ్చినవన్నీ ఇంట్లో పడున్నవే. పాత ట్యూబు కోసి చేసిన నాలుగు రబ్బరు ముక్కలు, అదే మనవాళ్ళు క్యారేజీ మీద మూటలు కట్టేవి, బ్యాగు క్లిప్పు విరిగితే వియన్నా దాకా అవే ఆపాయి. పిన్నీసులు, ఉతికిన సాక్సులు బ్యాగు మీద పెట్టి గుచ్చేస్తే పోతూ పోతూనే ఆరిపోతాయి. హోటల్‌లో ఇచ్చే స్నానం టోపీ, వాన పడితే సీటుకి తొడగడానికి. పల్లీ పట్టీలు డజను. ఆదివారం అక్కడ సూపర్ మార్కెట్లన్నీ దాదాపు మూసే ఉంటాయి, ఆ సంగతి మాకు ఆదివారం పొద్దున గుర్తొచ్చింది, మధ్యాహ్నం దాకా పట్టీలూ పంపు నీళ్ళే.

మెల్క్ దాటాక వాఖావ్ లోయ, ద్రాక్ష తోటలు, ఆప్రికాట్లు. ఆప్రికాట్ లోపల పెట్టి ఉడికించిన ఉండలు అమ్ముతారు, మన పూర్ణం బూరెకి దూరపు చుట్టం, ఇద్దరం కలిసి ఏడు తిన్నాం.

తిరిగొచ్చిన మర్నాడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద నా సైకిల్ దిగుతూ, ఆపుదామని పెడల్ వెనక్కి తొక్కా. టకటకటక అని శబ్దం వచ్చింది, సైకిల్ మాత్రం ఆగలేదు. గోడ దగ్గర కాళ్ళు ఆనించి ఆపేసరికి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "బ్రేకులు లేవా సార్?" అన్నాడు.