కారు స్టీరియో మార్చబోతే డొంకంతా కదిలింది

మా కారు కొని పదేళ్లు దాటింది. ఇంజను ఇప్పటికీ నిశ్శబ్దంగా నడుస్తుంది, ఏసీ చల్లగానే ఉంటుంది. కానీ డాష్‌బోర్డు మధ్యలో కంపెనీవాళ్లే బిగించి ఇచ్చిన స్టీరియో మాత్రం రెండు వేసవుల నుంచి ఇబ్బంది పెడుతూ వచ్చింది. రోజంతా ఎండలో నిలిపిన కారులోకి సాయంత్రం ఎక్కితే, ఎవరూ తాకకుండానే తెర తనంతట తానే స్టేషన్లు మార్చేది. కొన్నాళ్లకు ఎడమ అంచున ఉన్న బటన్లు పూర్తిగా స్పందించడం మానేశాయి. అదే స్టీరియో కొత్తది వేయడానికి సర్వీసు సెంటరులో చెప్పిన ధర, ఈ కారును ఇప్పుడు అమ్మితే వచ్చే సొమ్ములో దాదాపు ఐదో వంతు ఉంది. అందుకని బయట దొరికే ఆండ్రాయిడ్ తెర బిగించుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆ పనిలో జరిగిన పొరపాట్లనూ, అవి సరిపడ్డ తీరునూ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి కారు ఉన్నవారికి కొంత ఖర్చు, చాలా అవస్థ తప్పుతాయని నా ఆశ.

ఒకప్పుడు ఇది అరగంట పని. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు అన్న కొలత జర్మనీ ప్రమాణంగా మొదలై 1984లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మన మెకానిక్కులు సింగిల్ డిన్ అనేది దాన్నే. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. ఆ కొలతకు ఏ కంపెనీ సెట్టు తెచ్చినా ఆ గూట్లో సరిగ్గా ఇమిడిపోయేది. మా కారులో అలాంటి గూడు లేదు. ఏసీ గాలి వచ్చే వెంట్లూ, తెరా, బటన్లూ కలిసి ఒకటే ప్లాస్టిక్ ముఖం. పైగా ఆ తెర పాటలకే పరిమితం కాదు. ఏసీ ఫ్యాను వేగం, బయటి ఉష్ణోగ్రత, ఏ తలుపు సరిగా పడలేదు, రివర్సు చేస్తున్నప్పుడు వెనక గోడ ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ అందులోనే కనిపించేవి. బండి కదలగానే తలుపులు వాటంతటవే లాక్ అవ్వాలా వద్దా, తాళం వేశాక హెడ్‌లైట్లు ఎంతసేపు వెలగాలి అన్న అమరికలు కూడా దాని మెనూలోనే ఉండేవి. 2019 జులై నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారుకూ వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి కాబట్టి, ఇటీవలి కార్లు ఉన్నవారు, వాటి హెచ్చరిక శబ్దం స్టీరియో నుంచి వస్తోందా, వేరే బజర్ నుంచి వస్తోందా అని ముందే గమనించుకోవాలి. స్టీరియో నుంచే వస్తుంటే, దాన్ని తీసేసిన రోజున ఆ హెచ్చరిక కూడా మూగబోవచ్చు.

నేను ఇదేదీ గమనించకుండానే, మా ఇంటికి దగ్గరలో ఉన్న యాక్సెసరీస్ దుకాణానికి కారు తీసుకెళ్లాను. వాళ్లు రెండు గంటల్లో పని ముగించారు. తెర పెద్దది, బొమ్మ స్పష్టంగా ఉంది, ఫోనులోని మ్యాపు అందులో కనిపిస్తోంది. ఇంజను ఆపి తాళం తీశాక కూడా తెర వెలుగుతూనే ఉంటే అడిగాను. దిగేముందు పవర్ బటన్ నొక్కితే చాలన్నారు, నమ్మాను. నా కళ్ల ముందే కంపెనీ సాకెట్టును కత్తిరించి, వైరుకు వైరు చుట్టి, టేపు వేశారు. అప్పుడే ఆపవలసింది. కారు వైరింగుకు సరిపోయే సాకెట్టు బజారులో విడిగా దొరుకుతుందనీ, అది వాడితే ఒక్క వైరు కూడా కోయనక్కర్లేదనీ నాకు ఆ రోజు తెలియదు.

సంక్రాంతికి రైల్లో మా అత్తగారి ఊరు వెళ్లి, తొమ్మిది రోజుల తర్వాత తిరిగి వచ్చాం. సెల్లార్‌లో కారు స్టార్ట్ కాలేదు సరికదా, రిమోట్‌కు తలుపు కూడా తెరుచుకోలేదు. పక్క ఫ్లాట్ వారి బండి నుంచి జంపర్ కేబుళ్లు వేసి స్టార్ట్ చేసి, ఆ మర్నాడే రాణిగంజ్ వెళ్లాను. ఆటోమొబైల్ దుకాణాలు బారులు తీరి ఉండే ఆ ప్రాంతంలో, కార్ల వైరింగు మాత్రమే చూసే ఒక పెద్దాయన గురించి మా ఆఫీసు డ్రైవరు చెప్పాడు. ఆయన ముందుగా తెరను ముట్టుకోలేదు. బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి, టెర్మినల్‌కూ కేబుల్‌కూ మధ్య మీటర్ పెట్టారు. బానెట్ ఎత్తే ఉంది. అయినా దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి పడేలా చేశారు. అది తెరిచి ఉందని తెలిసినంత సేపూ బండి నిద్రపోదట. అరగంట ఆగాక మీటర్ 0.4 ఆంపియర్లు చూపించింది. మా బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లది. రోజుకు 9.6 చొప్పున పోతుంటే, అయిదో రోజు గడవకముందే బ్యాటరీ ఖాళీ. తాళం వేసి ఉన్న కారు మామూలుగా కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు.

“సార్, మీ బండిల స్టీరియోకు యాక్సెసరీ వైరే రాదు. తాళం తిప్పిన ముచ్చట గూడ ఈ రెండు వైర్ల మీదికెల్లే వస్తది” అని, ప్లాస్టిక్ ముఖం ఊడదీశాక, జడలా ఒకదానికొకటి పేనుకున్న రెండు సన్నని వైర్లను వేలితో పట్టి చూపించారు.

“మరి వాళ్లు ఎర్ర వైరు దేనికి కలిపారండీ?” అని అడిగాను.

“పసుపు దానికే కలిపిన్రు. రెండూ బ్యాటరీకే పోతున్నయి. సెట్టుకు బండి బంద్ అయిందని ఎట్ల తెలుస్తది?”

కొత్త సెట్టుకు వచ్చే వైర్లలో పసుపు రంగుది ఎప్పుడూ కరెంటు ఉండవలసినది. గడియారం, గుర్తుంచుకున్న స్టేషన్లు దాని మీదే నిలుస్తాయి. ఎరుపు రంగుది తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావలసినది. నలుపు ఎర్త్. ఈ రంగులు బయట దొరికే సెట్ల వైర్లకే వర్తిస్తాయి. కారు కంపెనీ వైర్లకు ఆ రంగులే ఉండాలని లేదు. ఎర్ర వైరుకు జత కుదిరేది దొరక్కపోతే దాన్ని పసుపు వైరుకే చుట్టేయడం చాలా దుకాణాల్లో చేసే పనేనట. కారును రోజూ నడిపేవారికి ఆ తప్పు నెలల తరబడి తెలియదు.

పేనిన ఆ రెండు వైర్లే క్యాన్ బస్. బాష్ కంపెనీ దీన్ని 1986లో లోకానికి పరిచయం చేసింది. 1993లో అది ఐఎస్ఓ 11898 ప్రమాణమైంది. అంతకుముందు ఒక్కొక్క స్విచ్‌కూ ఒక్కొక్క వైరు లాగవలసి వచ్చేది. ఇందులో బండిలోని ఎలక్ట్రానిక్ పెట్టెలన్నీ ఒకే జత వైర్ల మీద, వంతులవారీగా మాట్లాడుకుంటాయి. సాధారణంగా మాట లేనప్పుడు రెండు వైర్ల మీదా రెండున్నర వోల్టులు ఉంటాయి. మాట సాగుతున్నప్పుడు ఒకటి మూడున్నరకు ఎక్కి, రెండోది ఒకటిన్నరకు దిగుతుంది. వినేవి ఆ తేడానే లెక్కిస్తాయి. వైర్లను పేనడంలో ఉన్న రహస్యం కూడా అదే: బయటి నుంచి ఏ అలజడి తగిలినా రెండింటికీ సమానంగా తగులుతుంది, తేడా మాత్రం చెక్కుచెదరదు. స్టీరింగు మీద వాల్యూం నొక్కితే ఆ మాట కూడా మా కారులో ఈ వైర్ల మీదుగానే వెళుతుంది. కాబట్టి కొత్త తెరకు ఆ భాష తెలియాలి, లేదా మధ్యలో దుబాసీ ఉండాలి. ఆ దుబాసీయే క్యాన్ బాక్స్ అనే అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన డబ్బా. సెట్టుతో పాటు అది కూడా వచ్చింది. దుకాణంవారు దాన్ని కలపకుండా అట్టపెట్టెలోనే వదిలేశారు. పెద్దాయన దాన్ని కలిపి, తెర మెనూలో మా కారు మోడల్ ఎంచుకోగానే, స్టీరింగు బటన్లు పనిచేశాయి, తలుపుల బొమ్మ వచ్చింది, రివర్సు గేరు వేస్తే సెన్సార్ల గీతలు కనిపించాయి. ఎర్ర వైరుకు రావలసిన కరెంటు కూడా ఆ బాక్స్ నుంచే వచ్చింది.

అన్ని కార్లూ ఇలాగే ఉంటాయని కాదు. మా బావగారి కారులో స్టీరింగు బటన్ల వెనక ఒక్కోదానికి ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్లు ఉంటాయి. ఏ బటన్ నొక్కితే ఎంత వోల్టేజి వచ్చిందో చూసి సెట్టు గుర్తుపడుతుంది. అక్కడ కొత్త సెట్టుకు ఒక్కొక్క బటన్ నొక్కి నేర్పిస్తే సరిపోతుంది. కానీ జాయింటు వదులైతే ఆ వోల్టేజి మారిపోయి, వాల్యూం పెంచబోతే పాట మారుతుంది.

ఇక స్పీకర్ల సంగతి. కొత్త సెట్టు పెట్టినప్పటి నుంచి పాటలో మృదంగం పలచబడినట్టు, గొంతు ఎక్కడో పక్క నుంచి వస్తున్నట్టు అనిపించేది. సెట్టు చవకది కావడం వల్లేమో అని సరిపెట్టుకున్నాను. పెద్దాయన గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసుకుని, స్పీకరు వైర్లకు ఒక్క క్షణం తాకించారు. తలుపు జాలీ తీసి ఉన్న స్పీకరు టక్కుమని లోపలికి పోయింది. సెల్లు ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కు తాకిస్తే అది బయటికి రావాలి. ముందు ఎడమ స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. కుడి స్పీకరు గాలిని ముందుకు తోస్తున్నప్పుడు ఎడమది వెనక్కి లాగుతోంది. ఒకదాని మంద్రస్వరాన్ని మరొకటి తినేస్తోంది. ఆ రెండు వైర్లు మార్చాక, అదే పాట, అదే స్పీకర్లు, మృదంగం తిరిగి వచ్చింది. ఇంత చిన్న పరీక్షతో ఇంత తేడా తెలుస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఎఫ్ఎం. నెలకు రెండుసార్లు నాన్నగారిని ఈసీఐఎల్ నుంచి పంజాగుట్టకు వైద్య పరీక్షలకు తీసుకెళతాను. దారి పొడవునా ఆయనకు 102.8లో వివిధభారతి ఉండాలి. కొత్త సెట్టు వచ్చాక తార్నాకలో మెట్రో వంతెన కిందికి రాగానే ఒకటే గరగర. ఫోనులో పాటలు పెడతానంటే వద్దని, ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చునేవారు. మా కారు పైకప్పు మీద ఉన్న పొట్టి యాంటెన్నా అడుగున చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. దానికి కావలసిన 12 వోల్టులు యాంటెన్నా కేబుల్ గుండానే పాత స్టీరియో పంపేది. కొత్త సెట్లు అలా పంపవు. దానికోసం ఒక అడాప్టర్ వేసి, దాని నీలం వైరును సెట్టు నీలం వైరుకు కలపాలి. దుకాణంవారు అడాప్టర్ వేశారు గానీ, నీలం వైరును గాలికి వదిలేశారు. కలపడానికి రెండు నిమిషాలు పట్టింది.

కోసేసిన సాకెట్టు స్థానంలో పెద్దాయన కొత్తది వేశారు. టేపు చుట్టిన జాయింట్లన్నీ విప్పి, టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగారు. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, ఆ తర్వాత ఏ వైరు దేనికి తాకుతుందో చెప్పలేం. వైర్ల కట్ట లోపల గడగడలాడకుండా గుడ్డ టేపు చుట్టి, ఏసీ గొట్టానికి ఒరుసుకోకుండా పక్కకు కట్టారు. చివరగా మళ్లీ మీటర్ పెట్టి, అరగంట ఆగి చూపించారు: 25 మిల్లీ ఆంపియర్లు.

బయటి ఉష్ణోగ్రత మాత్రం ఇప్పటికీ తెర మీద రాదు. ఆ ఒక్క మాటను మా క్యాన్ బాక్స్ తర్జుమా చేయదట. తలుపుల లాక్ అమరికలు మార్చే మెనూ కూడా కొత్త తెరలో లేదు. ఆ అమరికలు సరిచేయడానికి పెద్దాయన పాత స్టీరియోను ఒకసారి కలిపి, పని అయ్యాక తీసి నా చేతికిచ్చారు. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు అది అడిగే నాలుగంకెల కోడ్‌ను ఒక కాగితం మీద రాసి, దాని వెనక అంటించి, బీరువా పై అరలో పెట్టాను. పోయిన గురువారం తార్నాక దాటాక నాన్నగారు వాల్యూం కాస్త పెంచమన్నారు. స్టీరింగు మీది బటన్ నొక్కాను.